మా పాతబస్తీకి పిల్లనివ్వరా?

"మీ ఇల్లెక్కడండీ?" అని ఎవరైనా అడిగితే నేను ఒక్కసారిగా చెప్పను. ముందు "చార్మినార్ దగ్గర" అంటాను. "అబ్బ, ఎంత అదృష్టమండీ! రోజుకో జత గాజులు కొనుక్కోవచ్చు" అంటూ వాళ్ళ ముఖం విప్పారుతుంది. అప్పుడు మెల్లగా "లాల్‌దర్వాజా, పాతబస్తీ" అంటాను. అంతే! అదే ముఖం ముడుచుకుపోతుంది. "అమ్మో, అక్కడెట్లా ఉంటున్నారండీ?" అంటారు. చార్మినార్ ఏమన్నా అమీర్‌పేటలో ఉందా? అదీ పాతబస్తీలోదే కదా!

ఇన్నాళ్ళూ ఈ మాటలు నవ్వి వదిలేసేదాన్ని. ఈమధ్య మాత్రం నవ్వలేకపోయాను. ఎందుకో చెబుతాను వినండి.

మా పెద్దవాడికి సంబంధాలు చూస్తున్నాం. గచ్చిబౌలిలో ఉద్యోగం, చెడు అలవాట్లు లేవు. కూకట్‌పల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల బాగుంది, చదువుకుంది, మాట మన్నన ఉన్న కుటుంబం. మాకు నచ్చారు, వాళ్ళకు మేం నచ్చాం. ఇక లగ్గాలు పెట్టుకోవడమే అనుకుంటుండగా పిల్ల తల్లి ఫోన్ చేసింది. "అక్కా, ఏమనుకోకుండ్రి. పిలగాడు నచ్చిండు, మీరు నచ్చిన్రు. ఇల్లొక్కటే... పాతబస్తీల పిల్లనెట్ల ఇస్తరని మా చుట్టాలంత అంటున్నరు. ఎల్బీనగర్ దిక్కు ఒక ఫ్లాట్ కిరాయికి తీసుకుంటే మంచిగుంటది" అంది.

మా ఆయన ఆ మాట విని "తీసుకుందాం తియ్, ఏం పోయింది?" అన్నారు. పుట్టి పెరిగిన ఇంటి గురించి ఆయన అంత తేలిగ్గా అనేసరికి నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను భువనగిరి పిల్లను. ఇంటర్ కాగానే 1998లో పెళ్ళి చేసి ఇక్కడికి పంపారు. అప్పుడు మా అమ్మ కూడా భయపడింది, అబద్ధమెందుకు! చీరల పెట్టె సర్దుతూ "చీకటి పడ్డాక గడప దాటకు బిడ్డా" అని వందసార్లు చెప్పింది. కాబట్టి ఆ తల్లి మీద నాకు కోపం లేదు. కానీ పాతికేళ్ళు దాటి కాపురం చేసినదాన్ని, నేను చూసింది చెప్పాలా వద్దా?

ముందు జరిగిన చెడు చెప్పేస్తాను. దాచితే మీరే నమ్మరు. 1990 డిసెంబరులో ఇక్కడ జరిగిన గొడవల్లో వందమందికి పైగా చనిపోయారు. నేనప్పుడు బళ్ళో చదువుకుంటున్నాను. మా అత్తమ్మ చూసింది. కర్ఫ్యూ సడలించిన కాసేపట్లో ఆడవాళ్ళందరూ సంచులు పట్టుకుని పరుగెత్తేవారట. మా ఆడబిడ్డ అప్పుడు చంటిపిల్ల, పాలు లేవు. వెనకింటి ఖాలా గోడ మీదుగా గిన్నెడు పాలు అందించిందట. వాళ్ళింట్లో ఉన్నదే ఒక మేక! ఇటునుంచి అత్తమ్మ కందిపప్పు పొట్లం కట్టి ఇచ్చింది. ఆ రోజుల తర్వాత మా అత్తమ్మ ఒక పెద్ద రేకు డబ్బా కొని, దాంట్లో బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, అగ్గిపెట్టెలు, పాలపొడి ఎప్పుడూ నిండుగా ఉంచేది. దాని పేరు 'కర్ఫ్యూ డబ్బా'. అత్తమ్మ పోయింది, డబ్బా ఉంది. 2010 మార్చి చివర్లో గొడవలై మళ్ళీ కర్ఫ్యూ పెట్టినప్పుడు అదే మమ్మల్ని ఆదుకుంది. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు కొత్త కాలనీల్లో ఉన్న మా చుట్టాలు సరుకుల కోసం గాభరా పడుతుంటే, నేను నింపాదిగా మూత తీసి పప్పు కొలిచి పోశాను. కష్టం చూసిన ఊరికి జాగ్రత్త కూడా తెలుస్తుందండీ.

2007 మే నెలలో మక్కామసీదులో బాంబు పేలింది. ఆ శుక్రవారం ఎట్లా గడిచిందో నాకే తెలుసు. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. అదే ఏడాది ఆగస్టులో లుంబినీ పార్కులోనూ, కోఠీలోనూ పేలాయి. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్‌లో పేలాయి. పాపం, అక్కడా మనుషులు పోయారు. మరి దిల్‌సుఖ్‌నగర్‌కు పిల్లనివ్వమని ఎవరైనా అన్నారా? అక్కడ జరిగితే దుర్ఘటన, ఇక్కడ జరిగితే ఊరి బుద్ధి. ఇదేం న్యాయం?

ఇంకో తమాషా చూడండి. ఈ జంటనగరాల్లో ఎవరింట్లో పెళ్ళయినా ముత్యాలకు పత్తర్‌గట్టికీ, గాజులకు లాడ్‌బజారుకూ రావాల్సిందే. కూకట్‌పల్లి వదినగారు మమ్మల్ని చూడ్డానికి వచ్చిన రోజు ఆమె చేతులకున్న రాళ్ళ గాజులు లాడ్‌బజారువే. నేను చూడగానే పోల్చాను. ఆ గాజులు దుకాణంలో పుట్టవు. బొగ్గుల నిప్పు మీద లక్క కరిగించి, ముద్ద చేసి, సన్నగా సాగదీసి చుట్ట చుడతారు. వేడి ఆరకముందే ఒక్కొక్క రాయీ అద్దుతారు. మా వెనక గల్లీలో తల్లీకూతుళ్ళు ఇంట్లో కూర్చుని ఆ పనే చేస్తారు. వేళ్ళ కొనలు కాలి గట్టిపడిపోయి ఉంటాయి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గాజులకు గుర్తింపు వచ్చింది గానీ అవి చేసే చేతులున్న బస్తీకి మాత్రం చెడ్డపేరు పోలేదు. ఇంకోటి అడుగుతాను. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళలో పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రిలో పుట్టినవాళ్ళు ఎంతమందో లెక్క ఉందా? మీ ఇంట్లోనే ఒకరు ఉంటారు, అడిగి చూడండి. అదీ మా వైపే.

మా వీధిలో అందరూ దేవతలేనని నేనట్లేదు. అర్ధరాత్రి దాకా పెళ్ళి బాజాలు మోగిస్తారు, చెబితే వినరు. మగపిల్లలు హెల్మెట్ లేకుండా ఒక బండి మీద ముగ్గురు పోతారు. బడి మానేసి దుకాణాల్లో చేరే పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ పిల్లల్లో ఒకడికి మా చిన్నవాడి పాత పుస్తకాలిచ్చి నెలరోజులు చదివించాను. తర్వాత వాడు రాలేదు. అదొక బాధ.

కానీ కాలువ పొంగి వీధిలో పారితే అది మా గుణమా? 2020 అక్టోబరు వానల్లో మా చుట్టుపక్కల బస్తీల్లో ఇళ్ళకు ఇళ్ళు మునిగాయి. మెట్రో రైలు 2020 ఫిబ్రవరిలో ఎం.జి.బి.ఎస్. దాకా వచ్చి ఆగిపోయింది. పాతబస్తీ లైనుకు శంకుస్థాపన జరిగేసరికి 2024 మార్చి అయింది. ఆటో అతను "పాతబస్తీనా? రానమ్మా" అంటాడు. ఫోనులో బుక్ చేసిన కారు లొకేషన్ చూసి రద్దవుతుంది. "మీరు కరెంటు బిల్లులు కట్టరటగా" అని ఒకావిడ పేరంటంలో నలుగురి ముందూ అంది. నెలనెలా కట్టిన రసీదులన్నీ దారానికి గుచ్చి వంటింట్లో మేకుకు తగిలించి ఉన్నాయి. వచ్చి చూసుకోమన్నాను.

మా లాల్‌దర్వాజా అంటే ఆషాఢంలో బోనాలు. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ అయ్యాక మా వంతు. 1908లో మూసీకి వరద వచ్చి ఊరు కొట్టుకుపోయినప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ మా సింహవాహిని అమ్మవారికి మొక్కుకుని, పట్టుబట్టలు సమర్పించాడని మా అత్తమ్మ చెప్పేది. మర్నాడు హరిబౌలి అక్కన్న మాదన్న గుడి నుంచి ఏనుగు మీద ఘటం బయలుదేరుతుంది. బోనం తలకెత్తుకుని ఇరుకు గల్లీలో నడుస్తుంటే దారి పొడుగునా మంచినీళ్ళు పట్టుకుని నిలబడేవాళ్ళలో బుర్ఖా వేసుకున్న ఆడవాళ్ళూ ఉంటారు. ఆ ఫోటో ఎవరూ వెయ్యరు.

వంట మాట రాకపోతే ఈ పత్రిక చదివే మీకు తోచదు కదా! మా ఎదురింటి ఖట్టీ దాల్‌కూ మన పప్పుచారుకూ చుట్టరికం ఉంది. ఉడికిన కందిపప్పు మెత్తగా ఎనిపి, అల్లంవెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, చింతపండు రసం పోసి పల్చగా మరిగిస్తారు. పోపులో ఆవాల బదులు జీలకర్ర, దంచని వెల్లుల్లి రేకలు, ఎండుమిర్చి, కరివేపాకు బాగా ఎర్రగా వేగాలి. మా ఇంట్లో వారానికి రెండుసార్లు అదే. ఫ్లాటుకు పోతే గోడ మీదుగా గిన్నె ఎవరిస్తారు చెప్పండి?

అందుకే మా ఆయనతో గట్టిగా చెప్పాను. "పిల్లలు వేరుగా ఉంటామంటే సంతోషం, వాళ్ళిష్టం. కానీ మన ఇల్లు సిగ్గుపడే ఇల్లని ఒప్పుకుని మాత్రం ఫ్లాట్ తీసుకోవద్దు." ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వే మాట్లాడు" అన్నారు. మావాణ్ణి కూడా అడిగాను. "ఆ అమ్మాయి ఒకసారి వచ్చి చూసి చెప్పనీ అమ్మా" అన్నాడు.

నేనే ఫోన్ చేశాను. "వదినా, పిల్లను తోలుకొని గాజులకు రాండ్రి. అట్లనే ఇల్లు చూసి పోదురు" అన్నాను. వచ్చారు. చార్మినార్ దగ్గర కలుసుకుని, ఆటో ఎక్కించకుండా శాలిబండ గడియారం మీదుగా నడిపించుకుంటూ తీసుకొచ్చాను. ఆమె మొదట చేతిసంచి గుండెలకు హత్తుకుని నడిచింది. గడియారం దాటాక భుజానికి తగిలించుకుంది. అన్నం తిన్నాక పిల్లే సూటిగా అడిగింది. "ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదికి వస్తే ఎట్లా ఆంటీ?" అని. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పెద్ద రోడ్డు దాకా దుకాణాలుంటాయి, భయం లేదు. మా గల్లీ మొదట్లో రెండు వీధిదీపాలు వెలగవు, మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మా ఇంట్లో ఎవరు ఆలస్యంగా వచ్చినా మా ఆయన బండి తీసుకుని ఎదురువెళ్తారు. ఆయన లేకపోతే ఎదురింటి ఖాలా కొడుకు వెళ్తాడు, నాకు అలాగే జరిగింది రెండుసార్లు. పిల్ల విని తల ఊపింది. తల్లి కర్ఫ్యూ డబ్బా చూసి "గిదేంది?" అంటే ఆ కథంతా చెప్పాను. నవ్వింది.

పోయేటప్పుడు మీర్ ఆలం మండీలో చింతపండు చవక అంటే అక్కడికీ తీసుకుపోయాను. రెండు కిలోలు కొంది. "ఇంట్ల మాట్లాడి చెప్తం" అని బస్సెక్కారు. ఇంకా ఫోన్ రాలేదు. ఈలోగా వీధిదీపాల కోసం నాలుగో అర్జీ రాసి, గల్లీలో ఆడవాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించాను.