శిశువుల దంతోత్పత్తి - పాలపండ్ల సంరక్షణము

దంతమునకు 'ద్విజము' అను పేరొకటి కలదు. రెండుమారులు పుట్టునది గావున దాని కా పేరు వచ్చినది. అమరకోశపు నానార్థవర్గమున పక్షికిని, విప్రునికిని, దంతమునకును ఈ యొక్క పదమే చెప్పబడినది. శిశువైద్యమును గూర్చిన కాశ్యపసంహితలో దంతజన్మికాధ్యాయమని ప్రత్యేకముగా ఒక అధ్యాయమే యున్నది. పూర్వులు పంటి జన్మమును ఇంత శ్రద్ధతో విచారించిరి. మన యిండ్లలో మాత్రము ఆ మొదటి జన్మమునకు తగిన ఆదరణ లేదు. 'ఊడిపోయే పళ్ళే గదా' అను మాట విరుదునగరము మొదలు కోవిల్‌పట్టి వరకు గల తెలుగు కుటుంబములలో తరచుగా వినవచ్చును. ఆ మాటవలని నష్టమును, పండ్లు వచ్చు కాలమున తల్లులు తెలిసికొనదగిన సంగతులను వివరించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ ప్రాంతమున మన కుటుంబములకు ఇంటిలో తెలుగు, బడిలోను ఆసుపత్రిలోను తమిళము. అవ్వ చెప్పు వైద్యము తెలుగున నడచును. వైద్యుడు చెప్పునది తమిళమున నడచును. ఒకటి చెప్పినదానిని రెండవది వినుట అరుదు. తమిళుల 'పాల్ పల్', మన 'పాలపల్లు' ఒక్క మూలమునుండి పుట్టిన మాటలే. ఆ రెండు వైద్యములును అట్లే ఒకచోట కలిసికొనుట అవసరము.

పాలపండ్లు మొత్తము 20. వాని యంకురములు శిశువు తల్లిగర్భమున నుండగనే ఏర్పడును. సాధారణముగా ఆరవనెల ప్రాంతమున క్రింది దవడ నడిమి పండ్లు రెండు మొలచును. కొందరికి నాలుగవ నెలలోనే రావచ్చును. కొందరికి ఏడాది నిండిన పిమ్మట రావచ్చును. పిదప పై ముందుపండ్లు, వాని ప్రక్కపండ్లు, మొదటి దవడపండ్లు, కోరపండ్లు, తుదకు వెనుకటి దవడపండ్లు వచ్చును. రెండున్నర, మూడేండ్లకు 20 పండ్లును పూర్తియగును. ఈ క్రమము కొందరిలో మారుటయు కలదు. పైపన్ను ముందు వచ్చినచో మేనమామకు కీడని మనవారి నమ్మకము. అది పంటిక్రమములోని చిన్న భేదమే గాని, దానివలన మేనమామకు గాని బిడ్డకు గాని వచ్చు ముప్పేమియు లేదు.

పండ్లు వచ్చునపుడు చిగుళ్ళు కొంచెము వాచును. శిశువు చొంగ కార్చును, చేతికందిన దానినెల్ల కొరుకును, చికాకుపడును, రాత్రి సరిగా నిద్రింపదు. ఒడలు కొంచెము వెచ్చబడవచ్చును. ఇంతవరకే పంటి పని. 100.4 డిగ్రీల ఫారన్‌హీటు, అంతకు మించిన జ్వరము, విరేచనములు, వాంతులు పంటివలన కలుగునవి కావు. తల్లినుండి వచ్చిన రోగనిరోధకశక్తి తగ్గు కాలమును, బిడ్డ కనబడిన వస్తువునెల్ల నోట బెట్టుకొను కాలమును, పండ్లు మొలచు కాలమును ఒక్కటే యగుటచే రోగముల నేరము పంటిపై బడుచున్నది.

ఇందుకు నా యనుభవమునే చెప్పుదును. మా పెద్దమ్మాయికి ఎనిమిదవ నెలలో జ్వరము, విరేచనములు వచ్చినవి. 'పళ్ళొస్తున్నాయి, అదే తగ్గుతుంది' అని పెద్దలనిరి. చదువుకొన్న నేనును ఊరకుంటిని. మూడవ దినమున బిడ్డ కన్నులు లోతుకు పోయినవి. ఏడ్చినను కన్నీరు రాలేదు. ప్రొద్దుటినుండి మూత్రము లేదు. ఆసుపత్రికి పరుగెత్తితిమి. శరీరమున నీరింకిపోయినదని, ఇంకొక పూట జాగు చేసియున్న ప్రాణాపాయమేయని వైద్యుడు చెప్పెను. బిడ్డ కోలుకొన్న నాలుగు దినములకు పన్ను కనబడినది. పెద్దలు తమ మాటయే నిజమైనదనిరి! ఈ భ్రమ మనకే ప్రత్యేకము గాదు. 1839లో ఇంగ్లండు, వేల్సు దేశముల మరణపట్టికలలో 5,016 శిశుమరణములకు పండ్లు వచ్చుటయే కారణముగా వ్రాయబడినది. నిజమైన రోగములు ఆ పేరు చాటున దాగినవి.

చిగుళ్ళ సలుపునకు చికిత్స సులభము. చేతులు శుభ్రముగా కడిగికొని వ్రేలితో చిగుళ్ళను మెల్లగా రుద్దవలెను. కాచి చల్లార్చిన నీట తడిపిన శుభ్రమైన గుడ్డను చల్లబరచి కొరుకనీయవచ్చును. వసకొమ్మును అరగదీసి తేనెతో నాకించు నాచారము మన యిండ్లలో నున్నది. ఏడాది నిండని బిడ్డకు తేనె పనికిరాదు, దానియందుండగల సూక్ష్మజీవి బీజములు నరములను చచ్చుపరచు రోగమును కలిగింపవచ్చును. అంగడిలో దొరకు తిమ్మిరిమందులను వైద్యుని యనుమతి లేక చిగుళ్ళకు పూయరాదు. ఒకప్పుడు బ్రిటనులో పండ్లకై యిచ్చుచుండిన పొడులలో పాదరసలవణముండెడిది. దానిచే శిశువుల కాలుసేతులు ఎఱ్ఱబారి పీడించు వ్యాధి కలిగినది. 1954లో ఆ పొడులను మానివేసిన తరువాత ఆ వ్యాధి తగ్గిపోయినది.

ఇక 'ఊడిపోయే పళ్ళు' అను మాటకు వత్తము. పాలపంటి క్రిందనే శాశ్వతదంతము పెరుగుచుండును. పాలపన్ను దానికి చోటు నిలిపి, త్రోవ చూపును. వెనుకటి పాలపండ్లు పది, పండ్రెండేండ్ల వరకు నుండవలసినవి. అవి పుచ్చి ముందుగా పోయినచో ప్రక్కపండ్లు ఒరిగి, వచ్చెడి పన్ను వంకరయగును. పుచ్చు లోతునకు పోయి చీముపట్టినచో క్రిందనున్న అంకురమే చెడవచ్చును. ఆరవయేట పాలపండ్లన్నిటికి వెనుక, ఏ పన్నును ఊడకుండనే, ఒక పెద్ద దవడపన్ను వచ్చును. అది శాశ్వతదంతము, పాలపన్నని తలచి దానిని పాడుచేసికొన్నవారు పెక్కురు.

కావున సంరక్షణము మొదటి పంటితోనే ఆరంభము కావలెను. పండ్లు రాకముందు చిగుళ్ళను తడిగుడ్డతో తుడువవలెను. పన్ను వచ్చిన పిదప మెత్తని చిన్న బ్రష్షుపై బియ్యపుగింజంత ఫ్లోరైడు పేస్టుతో దినమునకు రెండుసారులు తోమవలెను. మూడేండ్లు దాటిన పిమ్మట బఠాణిగింజంత చాలును. పాలసీసా నోట నుంచి నిద్రపుచ్చరాదు. మనది తీపిపదార్థముల సీమ. శ్రీవిల్లిపుత్తూరు పాలకోవకు 2019లోను, కోవిల్‌పట్టి వేరుసెనగ మిఠాయికి 2020లోను భౌగోళికసూచిక గౌరవము లభించినది. వానిని మానుమని చెప్పుట నా యుద్దేశము గాదు. బెల్లపుపాకము పంటి సందుల నంటుకొని పుచ్చుకు మూలమగును. వేరుసెనగగింజ పసిబిడ్డ గొంతు నడ్డవచ్చును. బిడ్డ పెద్దదగు వరకు వానిని దూరముంచి, పిదప పండుగపూట పెట్టి నోరు కడిగించిన చాలును. పై ముందుపండ్ల చిగురంచున సుద్దవంటి తెల్లని గీత కనబడినచో అదియే పుచ్చునకు తొలిగుర్తు. మొదటి పుట్టినరోజు నాటికి ఒకసారి దంతవైద్యునికి చూపుట మేలు.

త్రాగు నీటి సంగతియు మరువరాదు. 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో ఫ్లోరైడు వ్యాధి యున్నట్లు వైద్యులు ప్రకటించిరి. శాశ్వతదంతముల పింగాణి పొర తొలి యేండ్లలోనే ఏర్పడును. ఆ వయస్సున అధిక ఫ్లోరైడు గల నీరు త్రాగినచో ఆ పండ్లు మచ్చలతో మొలచును. లీటరుకు 1 మిల్లీగ్రామునకు మించకుండుట మంచిది. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతింతురు. గొట్టపుబావి నీరు త్రాగువారు దానిని పరీక్ష చేయించుకొని, ఫ్లోరైడు పేస్టును గూర్చి వైద్యుని సలహా గైకొనవలెను.

మన యవ్వలు పెక్కురు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. ఇంటిలో బిడ్డ చిగుళ్ళను తడిమి చూచు చేతులు వారివే. అందుచే ఈ సంచికను చదువనేర్చినవారు ఈ నాలుగు మాటలను వారికి చదివి వినిపింపవలెనని ప్రార్థన. 'పళ్ళొస్తున్నాయిలే' అనుటకు ముందు వారు ఒక్కసారి బిడ్డ నుదురు తాకి చూచి, జ్వరమున్న వైద్యునికడకు పంపినచో నా శ్రమ సఫలము.