సమానత్వం, సమాన అవకాశం: నాలుగు శాతం నేర్పే పాఠం

సమానత్వం వద్దనే రాజకీయ పార్టీ మన దేశంలో లేదు. ఉర్దూలో ‘మసావాత్’ అన్నా, తెలుగులో ‘సమానత్వం’ అన్నా సభల్లో చప్పట్లు మోగుతాయి. అయితే ఏది సమానంగా ఉండాలని అడిగితే సమాధానాలు వేరవుతాయి. ఆస్తుల్లో, ఆదాయాల్లో అంతరాలు తగ్గాలని వామపక్షాలు అంటాయి. పోటీ పడే అవకాశం అందరికీ ఉంటే చాలు, ఫలితం ఎవరి కృషిని బట్టి వారిదని మరికొందరు అంటారు. తరతరాలుగా వెనుకబడిన వారికి ఆసరా ఇవ్వనిదే ఆ పోటీ న్యాయమైనది కాదని ఇంకొందరి వాదన.

రాజ్యాంగంలో రెండు ఆశయాలూ ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశం 16వ అధికరణం ప్రకారం ప్రాథమిక హక్కు. దానికి భంగం కలిగితే కోర్టుకు వెళ్ళవచ్చు. ఆదాయాల్లో అసమానతలు తగ్గించాలనే 38వ అధికరణం ఆదేశిక సూత్రాల్లో ఉంది. దాని అమలు కోసం కోర్టుకు వెళ్ళలేము. అందుకే మన దగ్గర పేదరికం గురించి మొదలైన చర్చ కూడా తరచు సీట్లు, ఉద్యోగాల శాతాల దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ముస్లిం రిజర్వేషన్ల చరిత్రే దీనికి నిదర్శనం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం ప్రకటించింది. హైకోర్టు కొట్టివేసింది. 2005లో మళ్ళీ చట్టం, మళ్ళీ కొట్టివేత. వెనుకబాటును సరిగా నిర్ధారించలేదన్నది ఒక అభ్యంతరం. లెక్క మరొక చిక్కు. అప్పటికే బి.సి., ఎస్.సి., ఎస్.టి.లకు కలిపి 46 శాతం ఉంది. 5 కలిస్తే 51 అవుతుంది. 1992లో సుప్రీంకోర్టు నిర్ణయించిన 50 శాతం పరిమితి దాటుతుంది.

అందువల్ల 2007 చట్టంలో అది 4 శాతమైంది. ఫకీర్లు, ముస్లిం ధోబీలు, హజాములు, ఖురేషీలు, షేక్‌లు మొదలైన 14 వర్గాలను బి.సి.-ఇ.గా చేర్చారు. సయ్యద్, మొగల్, పఠాన్ వంటి వారిని మినహాయించారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దీన్నీ కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో 4 శాతం నిలిచింది.

ఆ తర్వాత కూడా పార్టీలు ఒక్క మాట మీద లేవు. 2017లో తెలంగాణ శాసనసభ దీన్ని 12 శాతానికి పెంచే బిల్లు ఆమోదించింది. దానికి కేంద్రం సమ్మతి లభించలేదు. మత ప్రాతిపదిక రాజ్యాంగ విరుద్ధమంటూ, అధికారం ఇస్తే రద్దు చేస్తామని 2023లో బి.జె.పి. ప్రకటించింది. 2024లో అదే పార్టీతో పొత్తులో ఉండి కూడా తెలుగుదేశం అధినేత 4 శాతాన్ని కాపాడతామన్నారు.

మేము ఏ పార్టీకీ వకాల్తా పుచ్చుకోవడం లేదు. మన కుటుంబాలు ఒక విషయం గమనించాలి. 2019లో రాజ్యాంగాన్ని సవరించి, ఇతర రిజర్వేషన్లు లేని పేదలకు 10 శాతం కేటాయించారు. 2022లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అక్కడ కొలమానం ఆదాయం, మతం కాదు. కనుక బి.సి. జాబితాల్లో లేని పేద సయ్యద్, పఠాన్ పిల్లలు కూడా షరతులకు లోబడి ఈ కోటాలో దరఖాస్తు చేసుకోవచ్చు. ‘మనకేమీ లేదు’ అనుకుని ఊరుకుంటే నష్టపోయేది మన పిల్లలే.

అయినా రిజర్వేషన్ సీటు ఇస్తుంది గాని హాస్టలు ఖర్చు, పుస్తకాలు, బస్సు చార్జీ ఇవ్వదు. ఆ డబ్బు లేక ఇంటర్‌తో చదువు ఆపేసిన ఆడపిల్లకు సమాన అవకాశం దక్కిందని ఎలా అనగలం? ఆర్థిక సమానత్వం గురించి అడిగేవారి మాటలో నిజం ఉన్నది ఇక్కడే. ప్రభుత్వాన్ని ఉపకార వేతనాలు సకాలంలో ఇమ్మని అడగడం మన హక్కు. మన జకాత్‌లో కొంత అర్హులైన విద్యార్థుల చదువుకు చేరేలా చూడడం మన బాధ్యత.

కాబట్టి తల్లిదండ్రులారా, ప్రవేశాల ప్రకటన వచ్చేదాకా ఆగకండి. మీ పిల్లలకు వర్తించేది బి.సి.-ఇ.యా, పేదల కోటాయా తెలుసుకుని, తహసీల్దారు కార్యాలయం నుంచి ధ్రువపత్రం ముందే తీసి ఉంచండి. మీ వీధిలో చదువురాని వారుంటే వారి దరఖాస్తు కూడా మీరే నింపి ఇవ్వండి.