డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డకు ఇంట్లో తెలుగు మానేయాలా?

భిలాయ్ ఉక్కు కర్మాగారం ఉద్యోగాలకు వచ్చి రిసాలి చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లిష్ అలవాటే. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ మామూలు బడిలో చేరే సమయానికి మాత్రం ఇలాంటి ఇళ్లకు తరచూ ఒక సలహా ఎదురవుతుంది: ‘ఇంట్లో తెలుగు మానేయండి, ఒకే భాషైతే త్వరగా మాటలొస్తాయి.’

దీనికి ఆధారం లేదు. కెనడాలో ఎలిజబెత్ కే-రెయినింగ్ బర్డ్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రెండు భాషలతో పెరిగిన డౌన్ సిండ్రోమ్ పిల్లలు, ఒక్క ఇంగ్లిష్‌తోనే పెరిగిన అలాంటి పిల్లల కంటే ఇంగ్లిష్‌లో వెనకబడలేదు. తక్కువమందిపై చేసిన అధ్యయనమే. కానీ తెలుగు తప్ప మరోటి రాని నానమ్మ ఇంట్లో ఉంటే, ఆ సలహా వల్ల బిడ్డతో మాట్లాడే మనిషి ఒకరు తగ్గుతారు.

అసలు ఇబ్బంది వేరే ఉంది. ఈ పిల్లల్లో ఎక్కువమందికి విన్నదాని కంటే చూసింది బాగా గుర్తుంటుంది. చెవి లోపల ద్రవం చేరి వినికిడి తగ్గడమూ సాధారణమే. ‘చెప్పిన మాట వినడు’ అని టీచర్ విసుక్కునే పిల్లాడికి ఆ మాట నిజంగానే వినిపించి ఉండకపోవచ్చు. ముందు బెంచీలో కూర్చోబెట్టడం, ఒకసారికి ఒకే పని చెప్పడం, పదాన్ని బొమ్మతో కలిపి చూపడం, చెవులు, కళ్లు క్రమం తప్పకుండా పరీక్ష చేయించడం... వీటికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

భాషల భారం తగ్గించే దారి చట్టంలోనే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడితో పాటు రెండో, మూడో భాషల నుంచి మినహాయింపునూ ప్రస్తావిస్తుంది. చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో డౌన్ సిండ్రోమ్ పేరు విడిగా ఉండదు, సాధారణంగా మేధో వైకల్యం కింద ధ్రువపత్రం ఇస్తారు. అందులో 40 శాతం లేదా అంతకు మించి నమోదైతే, 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదివే హక్కు 31వ సెక్షన్ ఇస్తుంది.

టీచర్ల దగ్గరే చిక్కు. ఇలాంటి పిల్లలు ప్రాథమిక తరగతుల్లో 10 మందికి, పై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలన్న ప్రమాణాన్ని సుప్రీంకోర్టు 2021లోనే పేర్కొంది. పోస్టులను నోటిఫై చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అందుకే అడ్మిషన్ రోజున ‘మీ దగ్గర స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారా’ అని అడిగి ఊరుకోకూడదు. మా బిడ్డతో వారానికి ఎన్ని గంటలు కూర్చుంటారు, క్లాస్ టీచర్‌తో కలిసి పాఠం ఎవరు తయారు చేస్తారు అనీ అడగాలి. జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.