పిడుదుల మందు పశువుకే కొడితే చాలదు

కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలి నుంచి బాపట్ల, రేపల్లె దాకా వరితో పాటు పాడి కూడా ఇల్లు గడిపే ఆదాయం. అందుకే పిడుదులు పట్టాయంటే రైతు వెంటనే మందు తెచ్చి పశువు ఒంటికి కొడతాడు. పురుగులు రాలిపోతాయి, కొన్ని వారాలకు మళ్లీ కనిపిస్తాయి. మందు నాసిరకమని తేల్చేముందు పిడుదు బతుకు తెలుసుకోవాలి. మన పశువులను ఎక్కువగా పట్టే రకం పిల్ల దశ నుంచి సుమారు మూడు వారాలు ఒకే పశువు మీద పెరుగుతుంది. నిండా రక్తం తాగిన ఆడది కిందికి రాలి, గోడ పగుళ్లలోనో పేడ కింద తేమలోనో 2 వేలకు పైగా గుడ్లు పెట్టి చస్తుంది. ఒంటి మీద కనిపించేది కొద్ది భాగమే. మిగతాదంతా కొట్టంలోనే ఉంటుంది. కుక్కల ఒంటి మీద గెంతే చిన్న పురుగులదీ ఇదే తీరు. వాటి గుడ్లు, పిల్లలు కుక్క పడుకునే గుడ్డల్లో, నేల దుమ్ములో పెరుగుతాయి.

పిడుదులకు వాడే మందుల్లో డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వాటి నరాల్లోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వవు. నరం ఆగకుండా అదిరి పురుగు చచ్చుబడుతుంది. అమిట్రాజ్ నరాలను మరో దారిలో దెబ్బతీస్తుంది. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ పశువు రక్తం ద్వారా పిడుదుకు చేరుతుంది. ఆ పాలు మనుషులు తాగేవైతే పాలిచ్చే పశువుకు దాన్ని వాడకూడదు.

మోతాదు పెంచితే సరిపోదా అని అడిగేవారున్నారు. సరిపోదు. పదేపదే ఒకే మందు తగిలితే దాన్ని తట్టుకున్న పిడుదులే మిగిలి సంతానం కంటాయి. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్‌లకు లొంగని పిడుదులు మనదేశంలో ఇప్పటికే బయటపడ్డాయి. మోతాదు తగ్గించినా అదే ముప్పు. చేలో కొట్టే పురుగుమందు పేరు ఒకటే అయినా గాఢత, ద్రావకాలు వేరు. దాన్ని పశువుకు వాడితే ప్రాణం మీదికి వస్తుంది. అసలు రసాయనాలే వద్దనే వాదనలో కొంత న్యాయముంది. నాలుగైదు పిడుదులుంటే చేత్తో ఏరి చంపొచ్చు. బాగా పట్టినప్పుడు మాత్రం మందు మానితే పిడుదుల ద్వారా సోకే థైలేరియా, బబీసియా జ్వరాలు పాడిని కుంగదీస్తాయి. సంకరజాతి ఆవులకు ఈ బెడద మరీ ఎక్కువ.

కాబట్టి డాక్టరు చెప్పిన మందును చెప్పిన వ్యవధిలో మళ్లీ కొట్టాలి. అదే సమయంలో కొట్టం పగుళ్లు పూడ్చి, పేడ ఎత్తి, గోడలకూ మందు పట్టించాలి. పని పెరుగుతుందన్న మాట నిజమే. సగం పని చేసి నెలనెలా మందు కొనడం అంతకంటే ఖరీదు. రేపల్లె వైపు రొయ్యల చెరువులున్నాయి. డెల్టామెత్రిన్ చేపలకూ రొయ్యలకూ తీవ్ర విషం. అందుకే మందు కలిపిన బకెట్టును, పిచికారీ డబ్బాను, కొట్టిన వెంటనే పశువును కాలువలో కడగకూడదు. మన కొట్టంలో పురుగును చంపే మందు పొరుగువాడి చెరువును చంపకుండా చూడటం కూడా వైద్యంలో భాగమే.