రాజోలు కొబ్బరికి యూనివర్సిటీ మందు.. రైతు దాకా చేర్చేది ప్రభుత్వమా, ప్రైవేటా?

రాజోలు దీవిలో కొబ్బరి తోట కిందికెళ్లి తలెత్తి చూస్తే చాలా చోట్ల ఆకుల అడుగున తెల్లటి మైనం పొర, ఆకుల పైన నల్లటి మసి కనిపిస్తాయి. ఇది సర్పిలాకార తెల్లదోమ పని. ఆకుల్లోని రసం పీల్చి తేనెలాంటి జిగురు వదులుతుంది. ఆ జిగురు మీద బూజు పెరిగి ఆకంతా నల్లబడుతుంది. చెట్టు వెంటనే చావదు కానీ నీరసపడుతుంది, దిగుబడి తగ్గుతుంది. కొబ్బరి మీద బతికేది తోట యజమాని ఒక్కడే కాదు. కౌలు రైతు, దింపు కార్మికుడు, కాయ ఒలిచే కూలీ, పీచు పనికి వెళ్లే ఆడవాళ్లు కూడా ఉన్నారు. కాయ తగ్గితే వీళ్లందరి ఇళ్లలోనూ ఆదాయం తగ్గుతుంది.

దీనికి విరుగుడు దూరంలో ఏమీ లేదు. గన్నవరం అక్విడెక్టు మీదుగా వైనతేయ దాటితే అంబాజీపేట. డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన స్థానం అక్కడే ఉంది. మరి లాబ్‌లో తయారైన విరుగుడు ప్రతి తోటకూ చేరాలంటే ఎవరు మోసుకురావాలి? ప్రభుత్వం ఒక్కటే చేయగలదా? ప్రైవేటు కంపెనీకి ఇస్తే ధర ఎవరి చేతిలో ఉంటుంది? ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం అనే పెద్ద మాట వెనక ఉన్న అసలు ప్రశ్న ఇదే. ప్రపంచంలో చాలా యూనివర్సిటీలు దీని మీదే పరిశోధనలు చేస్తున్నాయి. సమాధానం వెతకడానికి గోదావరి జిల్లాలు దాటి ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

తాటిపాక తెగులు చెప్పే పాఠం

తాటిపాక అంటే ఇప్పుడు చాలామందికి ఓఎన్‌జీసీ మినీ రిఫైనరీ గుర్తొస్తుంది. వ్యవసాయ శాస్త్రవేత్తలకు మాత్రం ఆ పేరు వినగానే ఒక కొబ్బరి తెగులు గుర్తొస్తుంది. 1949 తుపాను తర్వాత తాటిపాక గ్రామంలో మొదటిసారి కనబడింది కాబట్టి శాస్త్ర గ్రంథాల్లో కూడా దాని పేరు 'తాటిపాక తెగులు' అనే నిలిచిపోయింది. ఎదిగిన చెట్లకే ఎక్కువగా వస్తుంది. రాను రాను మొవ్వు చిన్నదై, గెలలో మంచి కాయలతో పాటు ముడుచుకుపోయిన కాయలు వస్తాయి. దీనికి కారణం ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి అని తర్వాత తేలింది.

ఈ తెగులు ఆంధ్ర కోస్తా జిల్లాలకే పరిమితం. అంటే దీనికి మందు కనిపెట్టినా కొనేది ఈ నాలుగైదు జిల్లాల రైతులే. ఇంత చిన్న మార్కెట్ కోసం ఏ కంపెనీ అయినా ఏళ్ల తరబడి డబ్బు ఖర్చు పెడుతుందా? పెట్టదు. అందులో తప్పేం లేదు, కంపెనీ లెక్క అలాగే ఉంటుంది. అందుకే ఇలాంటి పని చేయాల్సింది ప్రజల డబ్బుతో నడిచే పరిశోధన కేంద్రాలే.

కొత్త కొబ్బరి రకాల సంగతీ ఇంతే. పొడవు రకం కొబ్బరి మొక్క కాపుకు రావడానికే ఆరేడేళ్లు పడుతుంది. దిగుబడి సరిగ్గా అంచనా వేయాలంటే ఇంకొన్నేళ్లు చూడాలి. ఒక శాస్త్రవేత్త ఉద్యోగంలో చేరి రిటైరయ్యేలోపు ఒకటో రెండో రకాలు బయటకొస్తే గొప్పే. ఈస్ట్ కోస్ట్ టాల్ అనే మన పొడవు రకాన్ని, గంగబొండాం అనే పొట్టి రకాన్ని కలిపి అంబాజీపేటలో 'గోదావరి గంగ' అనే సంకర రకం తీశారు. తర్వాత వశిష్ఠ గంగ, వైనతేయ గంగ, అభయ గంగ వచ్చాయి. వీటి వెనక దశాబ్దాల ఓపిక ఉంది. అంతకాలం ఆగే పెట్టుబడి మార్కెట్లో దొరకడం కష్టం.

వరి విత్తనం దారి వేరు

రాజోలుకు పడమరన వశిష్ఠ ఉంది. చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళ్తే మార్టేరు. అక్కడి వరి పరిశోధన స్థానం 1925 నుంచి నడుస్తోంది. 1982లో అక్కడి నుంచి విడుదలైన ఎంటీయూ 7029, అదే మన 'స్వర్ణ', ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా పాకింది. వశిష్ఠ అనే వరి రకాన్ని మషూరితో కలిపి దీన్ని తయారుచేశారు.

ఇంత దూరం స్వర్ణ ఎలా వెళ్లింది? ప్రభుత్వ విత్తన సంస్థలు కొంత పెంచాయి, ప్రైవేటు విత్తన వ్యాపారులు చాలా అమ్మారు. అన్నిటికన్నా ముఖ్యంగా రైతులు ఒకరికొకరు ఇచ్చుకున్నారు. సాధారణ వరి రకం పండితే ఆ గింజనే మళ్లీ విత్తుకోవచ్చు. ఏటా కొనాల్సిన అవసరం లేదు కాబట్టి ఎవరైనా మరీ ఎక్కువ ధర చెబితే రైతుకు వేరే దారి ఉంటుంది. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా విత్తనం దాచుకోవడానికి, వాడుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి, అమ్ముకోవడానికి రైతుకు హక్కు ఇచ్చింది. రిజిస్టరైన రకాన్ని కంపెనీ బ్రాండు వేసి మాత్రం అమ్మకూడదు.

హైబ్రిడ్ విత్తనం అలా కాదు. పండిన గింజ మళ్లీ వేస్తే అదే దిగుబడి రాదు, ఏటా కొత్తగా కొనాలి. అందుకే ప్రైవేటు పరిశోధన ఎక్కువగా హైబ్రిడ్ల వైపే మొగ్గు చూపుతుంది. అంటే అమ్ముకోవడానికి వీలున్న పని ప్రైవేటు చేస్తుంది, అమ్ముకోలేని పని యూనివర్సిటీకి మిగులుతుంది. రెండింటి మధ్య పడిపోయే పనులు కొన్ని ఉంటాయి. భాగస్వామ్యం అవసరమయ్యేది అక్కడే.

స్వర్ణ కథకు కొనసాగింపు కూడా ఉంది. గోదావరి వరద వస్తే చేలు రోజుల తరబడి మునిగి ఉంటాయి. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే పాత వరి రకంలో మునకను తట్టుకునే గుణం ఉంది. ఆ గుణానికి కారణమైన జన్యువును కాలిఫోర్నియా యూనివర్సిటీ, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గుర్తించి 2006లో ప్రకటించారు. దాన్ని స్వర్ణలోకి తెచ్చి 'స్వర్ణ సబ్-1' తయారుచేశారు. 2009లో మన దేశంలో విడుదలైంది. రెండు వారాల దాకా మునకను తట్టుకుంటుంది. ఒడిశా గుణం, మార్టేరు రకం, అమెరికా లాబ్ కలిశాయి. ప్రజల సొమ్ముతో జరిగిన పని కావడంతో విత్తనానికి తాళం పడలేదు.

తెల్లదోమ దగ్గర అసలు చిక్కు

తెల్లదోమ మధ్య అమెరికా ప్రాంతం నుంచి వచ్చింది. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర మొదట కనిపించింది. ఆ తర్వాత కొద్దికాలానికే కడియం నర్సరీల ప్రాంతానికి, అక్కడి నుంచి కోనసీమ తోటలకు పాకింది. ఘాటైన రసాయన మందు కొడితే తెల్లదోమతో పాటు దాన్ని చంపే మిత్ర పురుగులూ పోతాయి. ముఖ్యంగా ఎన్‌కార్సియా అనే చిన్న బదనిక తెల్లదోమ పిల్లల్లోనే గుడ్లు పెట్టి వాటిని అదుపు చేస్తుంది. మందు కొట్టిన తోటలో ఆ బదనిక మిగలదు, తెల్లదోమ మళ్లీ విజృంభిస్తుంది.

అందుకే శాస్త్రవేత్తలు చెప్పే దారి వేరు. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ, ఇసారియా అనే శిలీంధ్రంలో తెల్లదోమ మీద బాగా పనిచేసే రకాన్ని గుర్తించింది. అంబాజీపేటలో దాన్ని పెంచి రైతులకు ఇస్తూ వచ్చారు. తెల్లదోమను తినే మిత్ర పురుగులనూ లాబ్‌లో పెంచారు. ఇదంతా ప్రభుత్వ పరిశోధనే.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. ఒక లాబ్ ఎంత పెంచగలదు? జిల్లా అంతటా ఉన్న తోటలకు సరిపోదు. పైగా శిలీంధ్రం ప్రాణమున్న సరుకు. ఎండకు, వేడికి తట్టుకోదు, ఎక్కువ కాలం నిల్వ ఉండదు. అవసరమైన చోటికి దగ్గర్లోనే తయారుకావాలి. అందువల్ల ప్రభుత్వ సంస్థలు ఇలాంటి టెక్నాలజీని ఫీజు తీసుకుని కంపెనీలకు లైసెన్సు ఇస్తాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఇందుకోసం 2006లోనే మార్గదర్శకాలు పెట్టుకుంది, 2011లో అగ్రిన్నోవేట్ ఇండియా అనే సంస్థనూ ఏర్పాటు చేసింది.

లైసెన్సు ఇవ్వడం తప్పు కాదు. ఎలా ఇస్తున్నారన్నదే చూడాలి. ఒకే కంపెనీకి ఇస్తే ఆ కంపెనీ చెప్పిందే ధర. పది మందికి ఇస్తే పోటీ ఉంటుంది, ధర అదుపులో ఉంటుంది. రైతు సంఘాలకూ ఇస్తే ఊళ్లోనే తయారవుతుంది. నాణ్యత ఎవరు చూస్తారన్నది ఇంకో ప్రశ్న. 'బయో' అని రాసిన డబ్బాలో రసాయన మందు కలిపి అమ్మడం తెలుగు రాష్ట్రాల్లో కొత్త ఫిర్యాదేం కాదు. శిలీంధ్ర మందులకు 1968 పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రైతు డబ్బా కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, బిల్లు చూసుకోవాలి.

పటాన్‌చెరులో ఒక పద్ధతి

హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ హైబ్రిడ్ల తల్లిదండ్రుల వంగడాలను ఇక్కడ తయారుచేస్తారు. 2000లో వీళ్లు విత్తన కంపెనీలతో ఒక కూటమి పెట్టారు. కంపెనీలు ఏటా చందా కట్టి ఆ వంగడాలు తీసుకుంటాయి. ప్రభుత్వ సంస్థలకు మాత్రం ఉచితం. చందా డబ్బు మళ్లీ పరిశోధనకే పోతుంది. ఏ ఒక్క కంపెనీకీ గుత్తాధిపత్యం ఉండదు.

అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీకి చెందిన కార్ల్ ప్రే, లతా నాగరాజన్ భారత్‌లో జొన్న, సజ్జ విత్తనాల చరిత్రను పరిశీలించారు. ఇక్రిశాట్, ప్రభుత్వ యూనివర్సిటీలు ఇచ్చిన వంగడాల పునాది మీదే ప్రైవేటు విత్తన కంపెనీలు ఎదిగాయని వాళ్ల పరిశీలన చూపిస్తుంది. అంటే ప్రైవేటు విజయం అని మనం చూసే చాలా వాటికి అడుగున ప్రజల సొమ్ము ఉంది. ఆ మాట ఒప్పందం రాసేటప్పుడు గుర్తుండాలి.

టీకా ధర 50 రూపాయలకు దిగిన కథ

భాగస్వామ్యం మంచి ఫలితమిచ్చిన ఉదాహరణ వైద్యంలోనూ ఉంది. 1990ల మొదట్లో హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచే వచ్చేది. ఒక్క డోసు వందల రూపాయలు. పేద కుటుంబంలో నలుగురు పిల్లలకు మూడేసి డోసులు వేయించడం అయ్యే పని కాదు. 1993లో వరప్రసాద్ రెడ్డి శాంతా బయోటెక్నిక్స్ మొదలుపెట్టారు. సొంత లాబ్ లేని రోజుల్లో ఉస్మానియా యూనివర్సిటీలో, తర్వాత సీసీఎంబీలో చోటు దొరికింది. ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ పెట్టుబడి పెట్టారు. 1997 ఆగస్టులో టీకా మార్కెట్లోకి వచ్చింది, ధర 50 రూపాయలు. యూనివర్సిటీ చోటివ్వడం, ప్రైవేటు సాహసం, తక్కువ ధర అనే పట్టుదల మూడూ కలిశాయి. అయితే 2009లో ఆ కంపెనీ ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ చేతికి వెళ్లింది. ప్రభుత్వ సంస్థల అండతో ఎదిగిన కంపెనీ చేతులు మారితే ప్రజల వాటా ఏమిటన్న ప్రశ్న అక్కడ మిగిలింది.

కోవిడ్ కాలంలో ఆ ప్రశ్నే మళ్లీ వచ్చింది. కోవాగ్జిన్‌ను భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ కలిసి తయారుచేశాయి. 2021 ఏప్రిల్‌లో కంపెనీ రాష్ట్రాలకు 600, ప్రైవేటు ఆస్పత్రులకు 1200 రూపాయల ధర ప్రకటించింది. విమర్శలు రావడంతో రాష్ట్రాల ధర 400కు తగ్గించింది. అమ్మకాల మీద మండలికి రాయల్టీ వస్తుందన్న సంగతి మీద పార్లమెంటులోనూ చర్చ నడిచింది. ఒప్పందం ముందే జనం ముందు ఉండి ఉంటే ఇంత గొడవకు తావుండేది కాదన్న మాట అప్పట్లో గట్టిగా వినిపించింది.

ఒప్పందంలో ఏం చూడాలి?

ప్రభుత్వ యూనివర్సిటీ ఏ కంపెనీతో చేతులు కలిపినా ఐదు ప్రశ్నలు అడగొచ్చు. లైసెన్సు ఒక్కరికేనా, చాలామందికా? ధరకు హద్దు ఉందా? రైతులు, రైతు సంఘాలు సొంతంగా తయారుచేసుకునే వీలుందా? నాణ్యత తనిఖీ చేసేది అమ్మేవాడా, వేరే వాళ్లా? ఒప్పందం జనానికి చదవడానికి దొరుకుతుందా? ఐదో ప్రశ్నకు సమాచార హక్కు చట్టం ఉంది. యూనివర్సిటీ ప్రభుత్వ సంస్థ కాబట్టి పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. వ్యాపార రహస్యాల పేరుతో కొంత ఇవ్వకపోయినా, ప్రజా ప్రయోజనం ఉందంటే అడిగే హక్కు ఆ చట్టంలోనే ఉంది.

కౌలు రైతు సంగతి మర్చిపోకూడదు. రాయితీ మందు, నష్టపరిహారం చాలాసార్లు పాస్‌బుక్ ఉన్న యజమాని పేరు మీదే వెళ్తాయి. చెట్టును చూసుకునేది మాత్రం కౌలుదారు. ఏ పథకమైనా, ఏ కంపెనీతో ఒప్పందమైనా సాగు చేసే మనిషిని లెక్కలోకి తీసుకోకపోతే విరుగుడు లాబ్‌లోనే ఆగిపోతుంది.

ఇప్పటికైతే రాజోలు రైతు చేయగలిగింది ఒకటుంది. ఆకులు నల్లబడగానే దుకాణానికి పరుగెత్తి రసాయన మందు కొనకుండా, ఆకు అడుగున బదనికలు ఉన్నాయో లేదో ముందు చూసుకోవాలి. తెలియకపోతే మసి పట్టిన ఆకు ముక్క ఒకటి కోసుకుని రైతు సేవా కేంద్రంలోనో, అంబాజీపేట పరిశోధన స్థానంలోనో చూపించాలి. అక్కడి శాస్త్రవేత్తల జీతం ఆ రైతు కట్టిన పన్నుల్లోంచే వస్తోంది, అడగడానికి మొహమాటపడక్కర్లేదు.