కొన్నది ఒకటి, యంత్రాలు రెండు

డబ్బు చెల్లించి కొన్న ప్రోగ్రామును మరొక కంప్యూటరులో పెట్టుకునే హక్కు మనకు ఉన్నదా? సమాధానం మనం చదవకుండానే అంగీకరించిన ఒక పత్రంలో ఉంది.

గత వేసవిలో ఒక మధ్యాహ్నం, ఒక ఆంగ్ల నవల అనువాదం 180వ పుట దగ్గర ఉండగా, నా పాత కంప్యూటరు కన్ను మూసింది. వ్రాతప్రతికి వేరొక చోట నకలు ఉన్నందువల్ల ఆ శ్రమ దక్కింది. దక్కనిది నా పదకోశం. ఏడేళ్ల క్రితం కొన్న ఒక నిఘంటు ప్రోగ్రాములో, అనువాదాలు చేస్తూ ఒక్కొక్కటిగా నేను చేర్చుకున్న మాటలు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటికీ నకలు ఉంది. కాని దాన్ని తెరవగలిగింది ఆ ప్రోగ్రాము ఒక్కటే.

కొత్త కంప్యూటరు తెచ్చి, ప్రోగ్రాము ఎక్కించి, భద్రంగా దాచుకున్న లైసెన్సు సంఖ్యను టైపు చేశాను. ఈ లైసెన్సు ఇప్పటికే ఒక కంప్యూటరులో వినియోగంలో ఉన్నదని తెర మీద జవాబు వచ్చింది. ఆ వినియోగంలో ఉన్న కంప్యూటరు మరమ్మతు దుకాణంలో ఒక బల్ల మీద ప్రాణం లేకుండా పడి ఉంది. కంపెనీకి రాశాను. ముందుగా పాత యంత్రంలో నమోదును రద్దు చేసుకొని రమ్మన్నారు. చచ్చినవాడి చేత సంతకం పెట్టించుకొని రమ్మన్నట్టుగా ఉంది. ప్రచురణకర్తకు నేనిచ్చిన గడువు ఇక పన్నెండు రోజులే.

నా ఎదురుగా అలమారులో శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఉంది. మా నాన్నగారి బల్ల మీది నుంచి నా హాస్టలు గదికి, అక్కడి నుంచి ఈ ఇంటికి వచ్చింది. ఇది ఎన్నో బల్ల అని అది నన్ను ఏనాడూ అడగలేదు. రెండు నిఘంటువులూ డబ్బిచ్చి కొన్నవే. మరి ఈ తేడా ఎందుకు వచ్చింది?

నకలు తీయనిదే నడవని వస్తువు

పుస్తకం కొన్నప్పుడు కాగితం మనది, అందులోని రచన మీద హక్కు రచయితది. కాగితం మనది కనుక చదువుకోవచ్చు, ఎరువివ్వవచ్చు, పాత పుస్తకాల దుకాణంలో అమ్ముకోవచ్చు. చదవడానికి నకలు తీయనక్కరలేదు కనుక కాపీరైటు చట్టం చదువరి జోలికి రాదు.

కంప్యూటరు ప్రోగ్రాము సంగతి వేరు. దాన్ని యంత్రంలో ఎక్కించడం ఒక నకలు. నడిపించినప్పుడు యంత్రపు తాత్కాలిక స్మృతిలోకి తెచ్చుకోవడం మరొక నకలు. నకలు తీసే హక్కు చట్టరీత్యా కర్తది. అందువల్ల కొన్న మనిషి వాడుకోవడానికి కూడా కర్త అనుమతి అవసరమైంది. ఆ అనుమతి పత్రమే లైసెన్సు. రెండవ కంప్యూటరులో ఎక్కించడమంటే ఇంకొక నకలు తీయడమే కాబట్టి, ప్రతి లైసెన్సూ ఆ ప్రశ్నకు ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు.

అమెరికా 1980లో తన చట్టాన్ని సవరించి, ప్రతికి యజమాని అయినవారు దాన్ని యంత్రంలో వాడుకోవడానికి అవసరమైన నకలునూ, భద్రత కోసం మరొక నకలునూ తీసుకోవచ్చునన్నది. అయితే చాలా కంపెనీల పత్రాలు, ఈ ప్రోగ్రామును మీకు అమ్మలేదు, వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇచ్చాము అంటాయి. యజమాని కానివారికి యజమాని హక్కులు ఎక్కడివి? ఆటోడెస్క్ కంపెనీకీ, దాని పాత ప్రతులను అమ్మజూపిన ఒక వ్యక్తికీ మధ్య నడిచిన వివాదంలో 2010లో అమెరికా అప్పీలు కోర్టు ఒకటి కంపెనీ వాదాన్నే సమర్థించింది. రెండేళ్ల తరువాత, 2012లో, ఐరోపా యూనియన్ న్యాయస్థానం ఒరాకిల్ కంపెనీ వివాదంలో మరొక దారి పట్టింది. డబ్బు తీసుకొని, కాలపరిమితి లేకుండా ఇచ్చినది అమ్మకమే అవుతుందనీ, కొన్నవారు తమ ప్రతిని నిరుపయోగం చేసుకొని మరొకరికి అమ్ముకోవచ్చుననీ తీర్పు చెప్పింది. ఒకే ప్రశ్నకు రెండు ఖండాల్లో రెండు జవాబులు!

పుస్తకంలాగే వాడుకోండి

కంపెనీల పక్షాన చెప్పవలసిందీ ఉంది. 1976 ఫిబ్రవరిలో, ఇరవై ఏళ్ల బిల్ గేట్స్ కంప్యూటరు ఔత్సాహికులకు ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ యంత్రం కోసం తాము రాసిన బేసిక్‌ను వాడుతున్నవారిలో అత్యధికులు దాన్ని కొననే లేదనీ, ఇలా అయితే మంచి ప్రోగ్రాములు రాసేదెవరనీ అందులో నిలదీశాడు. అక్షరాన్ని నమ్ముకొని బతుకుతున్న నాకు ఆ ఆవేదన పరాయిది కాదు. నా అనువాదాలు కొన్ని జిరాక్సు కట్టలుగా తిరుగుతున్న సంగతి నాకు తెలుసు.

అయితే దొంగ కోసం వేసిన తాళం ఇంటివాళ్ల చేతికే అడ్డుపడింది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాము తొలి కూర్పులను నడపాలంటే, అసలు ఫ్లాపీని డ్రైవులో పెట్టవలసిందే. ఆ ఫ్లాపీ పాడైతే, డబ్బిచ్చి కొన్నవారి పని ఆగిపోయేది. దొంగ ప్రతి సంపాదించినవారికి మాత్రం ఏ బెంగా ఉండేది కాదు, ఎందుకంటే వారి ప్రతిలో తాళం ముందే విరిచి ఉండేది.

అదే 1983లో, కాలిఫోర్నియాలోని బోర్లాండ్ అనే కొత్త కంపెనీ టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామును 50 డాలర్ల లోపు ధరకు తెచ్చింది. ఆ దశకంలో ఆ కంపెనీ ఇచ్చిన లైసెన్సు ఈనాటికీ తలచుకోదగ్గది. దాని సారాంశం ఇది: ఈ ప్రోగ్రామును ఒక పుస్తకంలాగే చూడండి. ఎందరైనా వాడవచ్చు, ఏ కంప్యూటరులోనైనా పెట్టవచ్చు. కాని ఒకే పుస్తకాన్ని ఇద్దరు మనుషులు రెండు చోట్ల ఒకేసారి చదవలేరు కదా, అలాగే దీన్ని కూడా రెండు చోట్ల ఒకేసారి వాడకూడదు.

అందులో వకీళ్ల భాష లేదు. వినియోగదారును అనుమానించే ధోరణీ లేదు. ఏది న్యాయమో చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది.

యంత్రమా, మనిషా?

ఆ తరువాత వచ్చిన లైసెన్సులను గమనిస్తే మూడు కొలతలు కనిపిస్తాయి. కొన్ని యంత్రాలను లెక్కపెడతాయి. కొన్ని మనుషులను లెక్కపెడతాయి. మరికొన్ని ఒకే సమయంలో ఎందరు వాడుతున్నారో లెక్కపెడతాయి.

మైక్రోసాఫ్ట్ ఆఫీస్ చాలా ఏళ్లపాటు మొదటి రెండు కొలతలనూ కలిపి వాడింది. దుకాణంలో విడిగా పెట్టె కొన్నవారు ఒక కంప్యూటరులోనూ, అదనంగా ఒక ల్యాప్‌టాప్‌లోనూ ఎక్కించుకోవచ్చు. కాని ఆ రెండవ ప్రతి మొదటి కంప్యూటరును ప్రధానంగా వాడే మనిషి కోసం మాత్రమే. బల్ల దగ్గరా, ప్రయాణంలోనూ పనిచేసేది ఒక మనిషే కదా అన్న న్యాయం ఇందులో ఉంది. కొత్త కంప్యూటరుతో పాటే వచ్చిన ప్రతికి ఈ సౌకర్యం లేదు. అటువంటిది ఇంటితో వచ్చిన బావి లాంటిది. ఇల్లు మారేటప్పుడు బావిని మోసుకుపోలేం.

2013లో వచ్చిన ఆఫీస్ కూర్పును ఎక్కించిన ఒకే ఒక యంత్రానికి కట్టిపడేశారు. ఆ యంత్రం పోతే లైసెన్సూ పోయినట్టే. కొనుగోలుదారులు గగ్గోలు పెట్టారు. అదే ఏడాది మార్చిలో మైక్రోసాఫ్ట్ దిగివచ్చి, 90 రోజులకు ఒకసారికి మించకుండా వేరొక కంప్యూటరుకు మార్చుకోవచ్చునని నియమాన్ని సవరించింది. నేడు చందా పద్ధతిలో వచ్చే మైక్రోసాఫ్ట్ 365లో కొలత మనిషే: ఒక వ్యక్తి ఒకేసారి ఐదు పరికరాలలో ప్రవేశించి ఉండవచ్చు. అడోబీ చందాదారులు రెండు కంప్యూటర్లలో ప్రవేశించి ఉండవచ్చు కాని, రెండింటిలోనూ ఒకేసారి వాడకూడదు. బోర్లాండ్ చెప్పిన పుస్తక న్యాయమే ఇక్కడ వేషం మార్చుకొని వచ్చింది.

మారినది కాపలాదారు. పూర్వం నియమం కాగితం మీద ఉండేది. దాన్ని పాటించడం మనస్సాక్షికి సంబంధించిన విషయం. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ మొదలుకొని, ప్రోగ్రామే తాను ఉన్న యంత్రం ఆనవాళ్లను గుర్తుపెట్టుకొని కంపెనీకి నివేదించే పద్ధతి విస్తరించింది. ఆ కాపలాదారు లెక్క తప్పడు, నిజమే. కాని రెండు యంత్రాలలో వాడుతున్న మనిషికీ, ఒక యంత్రం చనిపోయిన మనిషికీ తేడా అతనికి తెలియదు.

మన చట్టం ఏమంటుంది?

మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం 1984 సవరణతో కంప్యూటరు ప్రోగ్రాములను సాహిత్య రచనల కోవలో చేర్చింది. న్యాయంగా ప్రతి సంపాదించిన వ్యక్తి, అది ఏ పనికోసం ఇచ్చారో ఆ పనికి వాడుకునేందుకు నకలు తీసుకోవడం, నష్టం జరగకుండా తాత్కాలిక రక్షణగా నకలు దాచుకోవడం ఉల్లంఘన కాదని 1994 సవరణ చెప్పింది. 1999 సవరణ మరొక అడుగు వేసి, స్వయంగా, చట్టబద్ధంగా పొందిన ప్రతి నుంచి వాణిజ్యేతరమైన సొంత వినియోగం కోసం నకలు తీసుకోవడాన్ని కూడా మినహాయించింది. 52వ సెక్షన్‌లో ఉన్న ఈ వెసులుబాటు చాలామందికి తెలియదు.

అందులోని షరతులను మాత్రం జాగ్రత్తగా చదవాలి. ప్రతి మనదై ఉండాలి. పని వాణిజ్యం కాకూడదు. అనువాదం నా జీవనోపాధి కనుక నేను దాని చాటున నిలబడలేను. ఒక పెట్టె కొని ఆరు కంప్యూటర్లలో ఎక్కించిన డీటీపీ దుకాణమూ నిలబడలేదు. ఉల్లంఘించిన ప్రతి అని తెలిసి కూడా కంప్యూటరులో వాడితే, 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. లాభం కోసమో, వ్యాపారంలో భాగంగానో కాకపోతే తగిన కారణాలు చూపి న్యాయస్థానం జైలు శిక్ష విధించకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు.

ఇంతకూ మనం కొన్నది వస్తువేనా? ఈ ప్రశ్న ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. పెట్టెలలో అమ్మే ప్రోగ్రాముల మీద రాష్ట్ర ప్రభుత్వం అమ్మకపు పన్ను విధించగా, అది కంటికి కనిపించని మేధాసంపద కాని వస్తువు కాదని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వాదించింది. 2004లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, డిస్కులోకి చేరి బజారుకు వచ్చిన ప్రోగ్రాము వస్తువేనని తేల్చింది. పన్ను కట్టేటప్పుడు అది వస్తువు; లైసెన్సు చదివేటప్పుడు అనుమతి మాత్రమే. సామాన్యుడికి ఇది వింతగా తోస్తే తప్పు అతనిది కాదు.

కొనేముందు నాలుగు ప్రశ్నలు

చట్టం నేరం కాదన్నంత మాత్రాన తాళం తెరుచుకోదు. కనుక కొనేముందే నాలుగు ప్రశ్నలకు జవాబు వెతుక్కోవాలి. ఈ లైసెన్సు యంత్రానికా, మనిషికా? రెండవ కంప్యూటరులో పెట్టుకోవచ్చా, పెట్టుకుంటే ఎవరు వాడవచ్చు? యంత్రం మార్చితే లైసెన్సు వెంట వస్తుందా? యంత్రం చనిపోతే పాత నమోదును రద్దు చేసేదెవరు? నాలుగవదే నన్ను ముంచింది.

పాత కంప్యూటరును అమ్మేముందు, మరమ్మతుకు ఇచ్చేముందు, అది ఊపిరితో ఉండగానే నమోదు రద్దు చేయండి. రసీదు దాచండి. మీ సొంత సమాచారాన్ని ఏ ప్రోగ్రామైనా తెరవగల సాదా రూపంలో ఒక ప్రతి ఉంచుకోండి. ప్రోగ్రాము కంపెనీదే కావచ్చు, మీరు రాసుకున్న మాటలు మీవి. ఈ లెక్కలేవీ వద్దనుకునేవారికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉంది. 1989లో మొదటి కూర్పు వెలువడిన జీపీఎల్ లైసెన్సు కింద వచ్చే ప్రోగ్రాములను ఎన్ని కంప్యూటర్లలోనైనా ఎక్కించుకోవచ్చు, ఇరుగుపొరుగులకు పంచవచ్చు. సాధారణ లేఖనానికి లిబ్రే ఆఫీస్ వంటివి చక్కగా సరిపోతాయి. అన్ని పనులకూ అటువంటివి దొరకవు.

ఏడు ఉత్తరాలు, రసీదు నకలు, దుకాణదారు సంతకంతో ఒక చీటీ పంపిన తరువాత, తొమ్మిదవ రోజున కంపెనీ నా పాత నమోదును కొట్టివేసింది. నవలను వారం ఆలస్యంగా అప్పగించాను.

మొన్న కళాశాలలో చేరిన మా అమ్మాయి, ఆ నిఘంటు ప్రోగ్రామును తన ల్యాప్‌టాప్‌లో పెట్టి ఇమ్మన్నది. ఈసారి పత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాను. నేను వాడే రెండవ యంత్రానికి అనుమతి ఉంది. వేరొక మనిషికి లేదు. కుదరదమ్మా అని చెప్పి, అలమారులోంచి శంకరనారాయణ నిఘంటువు తీసి ఆమె చేతికిచ్చాను. మొదటి పుటలో మా నాన్నగారి సంతకం, దాని కింద నాది ఉన్నాయి. తన సంతకం పెట్టడానికి ఆమె కలం తీసుకుంది.