పైథాన్ ప్యాకేజీలు - వాని ఆధారములు

గోంగూర పచ్చడి నూరుటకు రోలు కావలెను. తినునప్పుడు రోలుతో పని లేదు. కాని ఉప్పు, మిరపకాయలు పచ్చడిలోనే ఉండవలెను. కంప్యూటరు ప్రోగ్రాముల విషయమున గూడ ఇట్టి భేదమే కలదు. కొన్ని సాధనములు ప్రోగ్రామును తయారుచేయునప్పుడు మాత్రమే కావలెను. మరికొన్ని అది నడచునంతసేపు వెంట ఉండవలెను. మొదటివానిని నిర్మాణాధారములనియు, రెండవవానిని నిర్వహణాధారములనియు చెప్పవచ్చును.

ఫ్రీబీఎస్‌డీ అను ఆపరేటింగ్ సిస్టమ్ ఈ భేదమును ఎట్లు పాటించుచున్నదో చూతము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో పెరిగిన యూనిక్స్ నుండి పుట్టిన ఈ వ్యవస్థ 1993లో వెలువడినది. మరుసటి సంవత్సరము జోర్డన్ హబ్బర్డ్ దీనికి 'పోర్ట్సు' అను ఏర్పాటును చేర్చెను. బయటివారు వ్రాసిన ఒక్కొక్క ప్రోగ్రామునకు ఇందులో 'మేక్‌ఫైలు' అను పత్రముండును. మూలప్రతి ఎచ్చట దొరకును, ఏయే ఆధారములు కావలెను, ఎట్లు కూర్చవలెను అను వివరములు అందుండును. నేడిట్టి పోర్టులు 30,000కు పైగా గలవు. వీనిలో పైథాన్ భాషకు చెందినవే వేలకొలది.

సీ భాషలో వ్రాసిన ప్రోగ్రామును కంపైలరు ముందుగానే యంత్రభాషలోనికి మార్చును. కావలసిన భాగము లోపించినచో సాధారణముగా పని అచ్చటనే ఆగును; లోపము తయారుచేయువానికే తెలియును. పైథాన్ వంటి స్క్రిప్టింగు భాషల తీరు వేరు. ప్రోగ్రాము నడచునప్పుడే ఇంటర్‌ప్రెటరు దాని అర్థమును గ్రహించి, దుబాసివలె యంత్రముచే పని చేయించును. ఫలానా భాగమును తెమ్మను 'ఇంపోర్ట్' ఆజ్ఞ వచ్చువరకు ఆ భాగము లేదని బయటపడదు. కావున ప్యాకేజి చక్కగా తయారైనట్లే కనిపించి, వాడువాని చేతిలో ఆగిపోవచ్చును.

వెబ్బునుండి సమాచారమును తెచ్చు 'రిక్వెస్ట్స్' అను ప్యాకేజిని తీసికొందము. దీనిని కూర్చుటకు 'సెటప్‌టూల్స్' అను సాధనము కావలెను. అది రోలు వంటిది. నడచుటకు యుఆర్ఎల్‌లిబ్3, సర్టిఫై మొదలగునవి కావలెను. అవి ఉప్పుకారముల వంటివి. అయితే సెటప్‌టూల్స్‌లోని ఒక భాగమును నడచునప్పుడు గూడ పిలుచు పాత ప్రోగ్రాములు కొన్ని గలవు. అట్టివానికి సెటప్‌టూల్స్‌ను రెండు పట్టీలలోను వ్రాయవలెను.

భాష యొక్క సంచికను గూడ గమనింపవలెను. పైథాన్ 2లో 7ను 2చే భాగించుటకు '7/2' అని వ్రాసిన 3 వచ్చును. 2008లో వెలువడిన పైథాన్ 3లో 3.5 వచ్చును. అనగా సంచిక మారినచో ప్రోగ్రాము ఆగిపోకుండనే తప్పు లెక్క చెప్పవచ్చును! పైథాన్ 2కు దాని నిర్మాతల సంరక్షణ 2020 జనవరి 1తో ముగిసినది. ఫ్రీబీఎస్‌డీలో ఒక్కొక్క సంచికకు చెందిన భాగములు వేరువేరు అరలలో నుండును. 'పివై311' అని పేరు మొదలైన ప్యాకేజి పైథాన్ 3.11కు చెందినది, 3.12 దానిని వెదుకదు. కనుక వ్యవస్థ కొత్త సంచికకు మారినపుడు పైథాన్ ప్యాకేజీలను మరల తయారుచేయవలసి యుండును.

పట్టీలో ఏదైన మరచినచో తెలియుట ఎట్లు? తన వంటింటిలో చింతపండు ఎప్పుడును ఉండువాడు దానిని పట్టీలో వ్రాయుట మరచును. వంట మాత్రము కుదురును. ఖాళీ వంటింటిలో వండిననే లోపము తెలియును. పూద్రియేర్ అను పనిముట్టు ఇట్లే ఒక్కొక్క ప్యాకేజిని 'జైలు' అనబడు ప్రత్యేకావరణములో తయారుచేయును. పట్టీలో వ్రాసిన ఆధారములు తప్ప మరేవియు అచ్చట దొరకవు. మూలప్రతిని తెచ్చి, అది మారలేదని సరిచూచిన పిదప నెట్‌వర్కు గూడ అందదు.

ఇంత చేసినను ఒక లోపము దాగవచ్చును. నిర్వహణాధారమును పొరపాటున నిర్మాణాధారముగా మాత్రమే వ్రాసినచో, తయారగునపుడు అది దగ్గరనే యుండును గనుక అంతయు సరిగానే కనిపించును. అందుచే తయారైన ప్యాకేజిని నిర్వహణాధారములు మాత్రమే గల మరియొక చోట నెలకొల్పి, నడిపి చూడవలెను. రోలు తీసివేసిన పిదపనే పచ్చడి రుచి చూడవలెనన్నమాట.